గంజి దిగని దుప్పటి

సుక్కి చెప్పింది నాకు మొదట. సంతల చింతపండు అమ్ముకునే సుక్కి లేదూ, అదే. నా కొట్టు అరుగు మీద కూసొని, నా కుండల నీళ్లు తాగి, నా మొకం మీదనే అన్నది: "సేఠూ, ఎర్రబోరు సంతల అంతా నీ పేరే. ధర్మయ్య బాలింతకు పీనుగు గుడ్డ అమ్మిండంట."

పీనుగు గుడ్డ! యాభై ఏండ్లు ఈ కొంట ఊర్ల బట్టలమ్మినోడు ఇనవలసిన మాటేనా ఇది?

ఆగు వినీత సిస్టరమ్మా, ఆ సంచి సదురుకోకు. నువ్వూ ఇన్నట్టే ఉన్నవ్, మొకం చెప్తాంది. మంచం పట్టిన మీ అత్తకు దుప్పటి కావాలని వస్తివి. తెల్లది ముట్టుకున్నవో లేదో చెయ్యి వెనక్కి తీస్తివి. ఎందుకట? ఎదురుంగ ప్రేమ్‌కుమార్ దుకాణంల నెమళ్ల దుప్పట్లు మెరుస్తున్నయి, గందుకా?

పో, కొనుక్కో. కాని ముందు దాని అంచుల ఒక్క పోగు గుంజి అగ్గిపుల్ల పెట్టు. నూలైతే కాయితం కాలిన వాసనొచ్చి బూడిదైతది. వానిది ముద్ద కట్టి వేలికంటుకుంటది. పక్క తిరగలేని ముసలిదాన్ని ఆ ముద్ద మీద పండబెడతవా? చెమట పీల్చదు, గాలి ఆడదు. దానికన్న శబరి ఒడ్డున ఇసుక నయం.

ఇగో, ఇది చూడు. వెలుతురుకు పట్టు. నేత ఎక్కడన్న ఎడమున్నదా? నడుమ అతుకు లేదు, చూసినవా? వీపు కింద కుట్టుంటే పుండు మీద కోస్తది. కొట్టు బోర్డు మీది నా పేరు చదవాలంటే నేను కూడబలుక్కోవాలె. బట్టను మాత్రం వేలు పెట్టి చదువుత.

ఏందీ? గరుకుగున్నదా?

ఉంటది! కోరా బట్ట. మగ్గం గంజి దాంట్లనే ఉన్నది. పొద్దుందాక నీళ్లల్ల నానబెట్టు. మూడుసార్లు ఉతుకు. ఎండకెయ్యి. అప్పుడు పరువు. జానెడు కుంచుకపోతదని జానెడు ఎక్కువే చింపిస్త నేను. ఇగ ఆన్నుంచి ఉతికినకొద్ది మెత్తగైతది. నా పక్క మీదున్నది పన్నెండేండ్లది, ముట్టుకుంటే వెన్న!

మరి ఎర్రబోరు మంగల్ ఇంట్ల గట్లెందుకైంది అంటవ్. అడుగుతవని తెలుసు.

వచ్చిండు మంగల్, వెనుక వాని బిడ్డ, నిండు చూలాలు కమ్లీ. ఆ పిల్ల నెమళ్ల దిక్కు తలన్న తిప్పలే. ఈ తెల్లదాన్నే తీసి చెంపకు పెట్టుకున్నది. కండ్లు మూసి వాసన చూసింది. "బాబా, ఇదే" అన్నది. యాభై ఏండ్లల్ల నా బట్టను గట్ల పట్టుకున్నోళ్లు ఎందరు?

ఆ నాయన ఏమన్నడో తెల్సా? పదిమంది ముంగట పకపక నవ్వి, "అరే సేఠ్, యే తో కఫన్ హై!" అన్నడు.

కఫనట! సచ్చినోళ్ల మీద కప్పేది కోరా గుడ్డే, నాకు తెల్వదా? మనం మాత్రం కప్పమా? కాని దాన్ని ఎవరన్న ఉతికి కప్పుతరా? తానుల చింపింది చింపినట్టే కప్పుతరు. ఉతికినంకనే అది బతికినోళ్ల దుప్పటైతది. తేడా అంతా ఆ మూడు ఉతుకులల్లనే ఉన్నది సిస్టరమ్మా.

నాకు ఒళ్లు మండింది. మాట్లాడకుండ మడిచి, దారం కట్టి చేతుల పెట్టిన.

ఆ... ఏం జూస్తవ్ గట్ల? అవును. చెప్పలే. ప్రతి గిరాకికి చెప్పే మాట ఆ ఒక్కనికి చెప్పలే. మరిచిపోయి కాదు. నాలిక మీదికొచ్చింది, మింగిన. కఫన్ అంటివి గదా, కఫన్ లెక్కనే తీస్కపో అనుకున్న. గీరుకుంటే గీరుకోనీ వాని వీపు అనుకున్న.

గీరుకపోయింది వాని వీపు కాదు. కమ్లీ కన్న ఆరు రోజుల పసిగుడ్డుది.

ఉతికి పరువు అన్న ముక్క మింగితి, ఉన్న పరువంతా పాయె. సుక్కి తప్పు చెప్పలేదు. నేను అమ్మింది పీనుగు గుడ్డే.

మంగల్‌ను మాత్రం మాఫీ అడుగ. సచ్చినా అడుగ. పదిమంది ముంగట నవ్విండు వాడు. ప్రేమ్‌కుమార్ డప్పు కొట్టుకుంటే కొట్టుకోనీ, భయమా నాకు?

ఇగో, ఇది కమ్లీకియ్యి. అదే తానుది. నా చేతులతోనే మూడుసార్లు ఉతికిన. చెంపకు పెట్టుకొమ్మను.

బేస్తారం నువ్వు ఎర్రబోరు డ్యూటీకి పోతవ్ గదా, ఆళ్ల భాష నీకొస్తది. సంత నడుమ నిలబడి చెప్పు: బట్టల తప్పు లేదు, చెప్పనోని తప్పు. పేరు దాయకు. ధర్మయ్య అనే చెప్పు.