నాంచారయ్య అడుక్కున్న పెళ్ళికొడుకు పూలు

నాంచారయ్యకి కాలు ఒకచోట నిలిచేది కాదంట. అరుగు మీద కూర్చున్నాడనుకో, మనం బీడీ ముట్టించుకుని తలెత్తేసరికి వీధి మలుపులో ఉంటాడు. కంచంలో చెయ్యిపెట్టి "ఉండవే, ఇప్పుడే వస్తా" అని తిరపతమ్మకి చెప్పి లేచి పోయేవాడంట, పెళ్ళాం ఆ కూడు మీద మూత పెట్టుకుని కూర్చునేది. ఎక్కడికయ్యా అంటే మెరక్కి. ఆ మెరకేందో చెప్పకపోతే కథ మీకు ఎక్కదు, చెబుతా వినండి. కొల్లేటి పక్క ఊరది. ఒకప్పుడు అంతా వరి. ఇప్పుడు ఎటు చూడు చేపల చెరువులే, గట్టు మీద గట్టు, గట్టు మీద గట్టు. వాటి మధ్యలో ఎకరంన్నర మెరక చేను ఒక్కటి మిగిలింది, తలకాయంతా గొరిగి పిలక మాత్రం వదిలినట్టు. అది వజ్రమ్మగారిది. కౌలుకి చేసేది నాంచారయ్య, వాళ్ళ నాయన కాడి నుంచీ. వేసేది తియ్యగుమ్మడి. ఆ మెరక గుమ్మడికాయంటే చుట్టుపక్కల వంటవాళ్ళు వెతుక్కుంటా వచ్చేవాళ్ళంట, పులుసులో ముక్క చెదరదని.

అట్టాంటి చేను మూడేళ్ళ నుంచీ కాపు తగ్గతా వచ్చింది. మూడో యేడు మరీ ఘోరం, తీగ చూస్తే పాము పడగ విప్పినట్టు ఉంటది, కాయ చూస్తే లేదు. ఇంక వజ్రమ్మగారి అల్లుడు ఊరుకుంటాడా? ఆయనకి చెరువు తవ్వించాలని ఎప్పటినుంచో ఆశ. అత్తగారి చెవిలో జోరీగలాగా అదే పోరు. ఆవిడ మాట మీద నిలబడే మనిషి, నాంచారయ్యని పిలిపించింది. "ఒరే నాంచారయ్యా, మీ నాయన మొహం చూసి ఈ ఒక్క యేడు ఆగుతా. దసరాకి నేనే వచ్చి చూస్తా. చేలో కాయ కనబడిందా, నీదే. కనబడలేదా, పొక్లెయిను దిగుద్ది. తర్వాత నా కాళ్ళమీద పడబోకు" అందంట. అప్పటినించీ ఈయనకి నిద్ర లేదు, తిండి లేదు, తిరగడమే. మెరక పోతే ఏం చేస్తాడు చెప్పండి. చెరువు గట్టు మీద కాపలా కూర్చోవాలి, అంకినీడులాగా. అంకినీడంటే పక్క చెరువు కాపలాదారు, వరసకి బావమరిది, నోరు మాత్రం ఖాళీ ఉండదు. "రా బావా, నీకు కూడా ఒక టార్చిలైటు, ఒక ఈల ఇప్పిస్తా" అనేవాడంట గట్టు మీద నుంచి.

సరే, ఏమైందంటే, ఈ కాపు ఎందుకు పోతందో కనిపెట్టాలని నాంచారయ్య ఒకరోజు తెల్లారగట్లే పోయి చేలో గొంతుక్కూర్చున్నాడు. గుమ్మడి పువ్వు తెల్లారేసరికి విచ్చుకుంటది కదా, ఎండెక్కేసరికి ముడుచుకుపోద్ది. చూస్తా ఉంటే ఒకటీ అరా తేనెటీగలు, తుమ్మెదలు వచ్చి పువ్వులో దూరి, పసుపు పూసుకుని, దొర్లి దొర్లి పోతన్నయ్యంట. ఏ పువ్వులో దూరినయ్యో గుర్తుపెట్టుకున్నాడు. మర్నాడు పోయి చూస్తే ఆ పూలు నేలమీద రాలి ఉన్నయ్యి! ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నాడు. "ఓరి మీ దుంపతెగ, మీరా నా చేను తినేది" అన్నాడంట. మీరు నవ్వుతున్నారు గాని, మీరైనా అంతే అనుకుందురు. మందుల కొట్టుకి పోయి ఏదో నీలం డబ్బా తెచ్చాడు. అది ఎప్పుడు కొట్టాలో తెలుసా? కొట్టు అతను సాయంత్రం కొట్టమన్నాడంట. ఈయన వింటేనా! దొంగలు ఇంట్లో లేనప్పుడు కర్ర పట్టుకుపోతే ఏం లాభం అని సరిగ్గా పొద్దున్నే, పువ్వు విచ్చుకుని ఈగలు వాలే వేళకి, భుజాన స్ప్రేయరు తగిలించుకుని తిరిగాడు. నాలుగు పొద్దులు. అయిదో పొద్దుకి చేలో చప్పుడు లేదు. జుమ్మనే మాట లేదు. "అమ్మయ్య" అనుకున్నాడు.

అది చాలదన్నట్టు ఇంకో పని కూడా చేశాడు. గుమ్మడికి రెండు రకాల పూలు ఉంటయ్యి కదా. ఒకదానికి కింద చిన్న పిందె ఉంటది, అది కాయ పువ్వు. ఇంకోదానికి ఉత్త కాడే ఉంటది, కాయ కాయదు, రాలిపోద్ది. దాన్ని మనవైపు ఏమంటాం? గొడ్డుపువ్వు అంటాం. నేనూ అన్నా, మీరూ అన్నారు. నాంచారయ్య ఆ గొడ్డుపూలన్నీ తెంపెయ్యడం మొదలుపెట్టాడు, తీగ బలమంతా వాటికే పోతందని. తిరపతమ్మ అన్నం పట్టుకుని వచ్చి చూసింది. "ఏందయ్యా ఆ పూలు తెంపతన్నావు?" అంది. "గొడ్డువి. తిండిదండగ" అన్నాడు, తలెత్తకుండానే. ఆవిడ క్యారేజీ గట్టుమీద పెట్టి ఇంటికి పోయింది. మళ్ళీ చేలోకి అడుగుపెట్టలేదు. వాళ్ళకి పిల్లల్లేరులెండి, పెళ్ళయ్యి ఇరవై యేళ్ళు. ఈయనకి ఆ సంగతి తట్టనుకూడా లేదు. ఆవిడ రాకపోతే ఒంట్లో బాలేదేమో అనుకున్నాడు, అంతే.

ఆ తర్వాత చూడాలి ఈయన అవస్థ. నిమ్మకాయంత పిందె వస్తది, రెండోరోజుకి పసుపు తిరుగుద్ది, మూడోరోజు రాలుద్ది. యూరియా వేశాడు. ఆకు ఏనుగు చెవంత అయ్యింది గాని పిందె నిలవలేదు. నీళ్ళు ఎక్కువ పెట్టాడు, పాదు మొదలు కుళ్ళింది. ఏదో టానిక్ అంటే అదీ కొట్టాడు. పొద్దున పోయి పిందెలు చూడడం, మధ్యాహ్నం పోయి చూడడం, పొద్దుగూకేముందు పోయి చూడడం. రాలినవన్నీ ఏరి కండవాలో మూటగట్టుకుని ఆ మూట పట్టుకుని గట్లన్నీ తిరిగేవాడంట. శ్రావణమాసం వచ్చేసింది. దసరా ఇంకెంత దూరం?

ఒకరోజు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుందామని దొడ్లోకి పోయాడు. పోయి అట్టాగే నిలబడిపోయాడు. ఏమైందంటే, పెంటకుప్ప మీద ఎప్పుడో తిరపతమ్మ పారేసిన గింజ మొలిచి, తీగసాగి, స్నానాల దడి మీదికి ఎక్కి, అక్కడ కాయలు! ఒకటి కాదు రెండు కాదు, ఏడు. ఒక్కోటి సంకలో ఎత్తుకునేంత. ఇల్లు తన ఇల్లే, దొడ్డి తన దొడ్డే, రోజూ అక్కడే కాళ్ళు కడుక్కుంటాడు, ఒక్కనాడూ తలెత్తి చూసి ఎరగడు. "తిరపతీ! ఏం మందు కొట్టావే దీనికి?" అని కేకేశాడు. "ఏమీ కొట్టలా" అంది లోపల్నుంచి. "ఏం వేశావు మరి?" "పేడ మీద మొలిచిందానికి నేను వేసేదేంది?" "గొడ్డుపూలు తెంపావా?" అన్నాడు. అంతే. చీపురు కింద పడేసి వచ్చిందంట బయటికి. "తెంపలా. ఒక్కటి తెంపలా. ఇరవై యేళ్ళనుంచీ ఆ మాట నన్ను ఊరంతా అంటంటే పక్కన నిలబడి విన్నావు. నీ నోటితో నువ్వు నన్ను అనలేదు, నిజమే. ఇప్పుడు నా ముందు పువ్వుని అన్నావు, తిండిదండగని కూడా అన్నావు. అందుకే రాలా నీ చేలోకి. ఇంకోసారి ఆ మాట ఈ దొడ్లో వినపడిందా, కాయలన్నీ పక్కింటోళ్ళకి పంచేస్తా" అంది. నాంచారయ్య "తప్పయిపోయిందే" అన్నాడు. "తప్పు సంగతి తర్వాత. రేపు పొద్దున్నే లేచి ఇక్కడ కూర్చో, నీకే తెలుసుద్ది" అందావిడ.

పొద్దున్నే ఇద్దరూ పెంటకుప్ప పక్కన బోర్లించిన రోలు మీద ఒకరు, నేలమీద ఒకరు కూర్చున్నారు. ఈగ వచ్చింది. ముందు పిందె లేని పువ్వులో దూరింది, పసుపు పూసుకుంది. లేచి, తిన్నగా పోయి పిందె ఉన్న పువ్వులో దిగింది. దాని ఒంటి మీది పసుపు ఈ పువ్వుకి అంటుకుంది. "చూశావా?" అంది తిరపతమ్మ. "అది పెళ్ళికొడుకు, ఇది పెళ్ళికూతురు, ఈగ పురోహితుడు. పని అయ్యాక ఆ పువ్వు ఎటూ రాలుద్ది. ఈగ తిని కాదు." నాంచారయ్య లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. "అయితే నేను మగపెళ్ళివారిని తెంపి, పురోహితుల్ని చంపి, పిల్ల కాపరం ఎందుకు చెయ్యట్లేదని ఏడుస్తన్నానన్నమాట" అన్నాడంట. చదువు రెండో తరగతే గాని మనిషికి బుర్ర ఉంది, ఆలస్యంగా తిరుగుద్ది అంతే.

ఇప్పుడు చేలో ఈగ లేదు. ఈగ లేకపోతే మనమే చెయ్యాలి. చేత్తో పువ్వు తెచ్చి పువ్వుకి అద్దాలి. మరి తెంపేశాడు కదా చేలో మగపూలన్నీ, కొత్తవి రావాలంటే వారం పదిరోజులు! అప్పటిదాకా ఎట్టా? ఊళ్ళో ఎవరి దొడ్లో గుమ్మడి పాదు ఉంటే వాళ్ళ గుమ్మం ముందు నిలబడడమే. అదీ తెల్లారీ తెల్లారకముందే, విచ్చుకున్న పువ్వు ముడుచుకోకముందే. ఇంక చూడండి తమాషా. ఏమని అడగాలి? పాత మాట నోట్లోకి వస్తది, పక్కన తిరపతమ్మ బుట్ట పట్టుకుని ఉంది. "అమ్మా... మీ పాదుకి... ఆ... పెళ్ళికొడుకు పూలు నాలుగు ఉంటే ఇస్తారా?" అన్నాడంట. పళ్ళు తోముకుంటున్న ఆడవాళ్ళు నురగ ఊసి మరీ నవ్వారు. "ఏం అన్నా, ఈ వయసులో ఎవరికి పెళ్ళి?" "ఇదిగో పెళ్ళికొడుకు, కట్నం లేదు తీసుకుపో!" అని ఒళ్ళో పడేసేవాళ్ళు. ఆ బుట్ట పట్టుకుని మొగుడూ పెళ్ళాం గట్ల మీద పరుగో పరుగు, ఎండ పైకి రాకముందే చేలో ప్రతి పిందె పువ్వుకీ అద్దాలి. వంగి లేచి, వంగి లేచి నడుములు పోయినయ్యి. అంకినీడు గట్టు మీద కూర్చుని "బావా, పెళ్ళిళ్ళ పేరయ్యవైపోయావే! మా చేపలకి కూడా ఒక సంబంధం చూడరాదూ" అని ఈల వేశాడు.

తిరపతమ్మ తలెత్తింది. "ఒరే తమ్ముడూ, నవ్వితే నవ్వావు గాని, మూడేళ్ళ నుంచీ గట్టు మీద గడ్డిమందు కొట్టేది నువ్వే కదా. పూసే మొక్క ఒక్కటి లేకుండా మాడ్చావు, ఇంక ఈగ ఎట్టా వస్తదిరా? కనీసం మా వైపు గట్టు వదిలెయ్యి. తుమ్మి మొక్కలు లెగుస్తయ్యి, నీ చేపల్నేం తినవు" అంది. "మా యజమాని తిడతాడక్కా" అన్నాడు. "మా ఇంట్లో గుమ్మడి పులుసు తిన్నప్పుడు యజమానినడిగి తిన్నావా?" అంది. అంకినీడు ఈల జేబులో పెట్టుకున్నాడంట. ఆ గట్టు వదిలేశాడు. నాంచారయ్య కూడా నీలం డబ్బా మానేసి, మరీ పురుగు కనబడితే వేపకషాయం, అదీ పొద్దుగూకే వేళ, పూలన్నీ ముడుచుకున్నాక. తుమ్మి తెల్లగా పూసింది. అయినా ఈగ రాలా. రోజూ పొద్దున్నే చెవి రిక్కించేవాడు. రాలా.

దసరా రానే వచ్చింది. వజ్రమ్మగారు అల్లుణ్ణి వెంటబెట్టుకుని పొద్దున్నే కారు దిగింది. చేలో కాయలు ఉన్నయ్యి గాని, నిజం చెప్పాలి కదా, ఇక్కడొకటి అక్కడొకటి. రెండు చేతులతో ఎన్నని చేస్తారు? అల్లుడుగారు చుట్టూ చూసి "ఇదా అత్తయ్యా కాపు? గుడి ముందు కొట్టడానికి సరిపోవు. పొక్లెయినుకి ఫోన్ చేస్తా" అన్నాడు. వజ్రమ్మగారు నాంచారయ్య వంక చూసింది. అల్లుడుగారేమో ఫోను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పక్కనున్న పువ్వు ఒకటి చటుక్కున తెంపి, వాసన ఉంటదేమో అని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "అబ్బా!" అని ఒక్క గావుకేక. ఫోను పోయి పాదులో పడింది. ముక్కు పట్టుకుని గిరగిర తిరుగుతున్నాడు. తిరపతమ్మ "అయ్యో అయ్యో, బాబుగారూ, సున్నం" అని పరిగెత్తింది. మరి నాంచారయ్య? ఆయన చేతులు రెండూ పైకెత్తి చేలో గంతులు వేస్తన్నాడు. "వచ్చిందమ్మగారూ! వచ్చింది! ఈగ వచ్చింది! కుట్టిందమ్మా, బాగా కుట్టింది!" అల్లుణ్ణి కుట్టిందని కౌలుదారు గంతులు వెయ్యడం వజ్రమ్మగారు పుట్టి బుద్ధెరిగి చూడలేదంట. ముందు కోపం వచ్చింది, తర్వాత సంగతంతా తిరపతమ్మ చెబితే విన్నది, తర్వాత అల్లుడి ముక్కు చూసింది. అది అప్పటికే టమాటా పండంత అయ్యింది. ఇంక ఆపుకోలేక, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్విందంట. "సరే పోరా, కాయ కనబడితే నీదే అన్నా, కనబడింది. పై యేటికి మాత్రం చేను నిండాలి" అని కారెక్కింది.

అదీ సంగతి. ఇప్పుడు మెరక అట్టాగే ఉంది. చుట్టూ మిగతా గట్ల మీద గడ్డిమందు కొడతానే ఉన్నారు, అంకినీడు ఒక్కడు మానితే లోకం మానుద్దా? నాంచారయ్య ఇప్పటికీ కాలు నిలవకుండా గట్టు గట్టుకీ పోయి కాపలావాళ్ళని బతిమాలుతూనే ఉంటాడంట, ఇంకో గట్టు వదలండయ్యా అని. కొందరు వింటారు, కొందరు ఈల వేస్తారు. నన్నడిగితే ఆ చేను నిలబెట్టింది ఆ ఈగ ఒక్కటే. పాపం కుట్టాక అది బతకదు గదా, దాని పేరున ఎవరూ దీపం కూడా పెట్టలేదు. అల్లుడుగారి ముక్కుకి మాత్రం మూడురోజులు పసుపు, సున్నం, వేడి కాపడం, ఇంటిల్లిపాదీ సేవే సేవ.