ఏడవ కంప్యూటరు, ముప్పై ఒకటవ సంఖ్య

పంతొమ్మిది వందల తొంభై ఒకటి, జూలై ఎనిమిదవ తేదీ సోమవారం ఉదయం మా కళాశాలలో గణితశాస్త్ర ఉపన్యాసకురాలిగా చేరిన మేడమ్‌గారు, ముప్పై మూడు సంవత్సరాల సుదీర్ఘ సేవను పూర్తిచేసుకొని, నేడు కంప్యూటర్ సైన్స్ విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. వారు చేరిన నాటికి ఇక్కడ ఆ విభాగమే లేదు.

మూడేళ్ళ తరువాత ఎనిమిది కంప్యూటర్లు వచ్చాయి. పాఠం ఎవరు చెబుతారని ప్రిన్సిపాల్‌గారు అడగగానే సిబ్బంది యావన్మందీ బల్లల మీది కాగితాల్లో తలలు దూర్చేశారట. తల ఎత్తి చూసిన పాపానికి ఆ బాధ్యత మేడమ్‌గారి నెత్తిన పడింది. మూడు నెలల శిక్షణ పొంది వచ్చి, విద్యార్థుల కంటే సరిగ్గా ఒక్క పాఠం ముందు నడుస్తూ, మొదటి సంవత్సరాన్ని ఎవరికీ అనుమానం రాకుండా నెట్టుకొచ్చానని వారే నవ్వుతూ చెబుతారు.

వారి బోధనా పద్ధతి విలక్షణమైనది. మొదటి నెలంతా ఎవరినీ కంప్యూటరు ముట్టనివ్వరు. ప్రోగ్రామును కాగితం మీద రాసి, ఒక్కొక్క వరుస దగ్గర ఏ విలువ ఎలా మారుతుందో గళ్ళు గీసి నింపి చూపించాలి. అందుకే పిల్లలు వారికి ‘కాగితం మేడమ్’ అని పేరు పెట్టారు. "కంప్యూటరు ఉంది కదా మేడమ్, అదే చెప్తుంది" అని ఎవరైనా గునిస్తే, "నువ్వు చెప్పింది చేస్తుంది నాయనా. నువ్వు చెప్పాలనుకున్నది దానికెలా తెలుస్తుంది?" అనేవారు. ఆ గళ్ళను తిట్టుకుంటూ నింపినవారు నేడు ఎందరో తమ విద్యార్థుల చేత అవే గళ్ళు నింపిస్తున్నారు.

ఇక చెప్పక తప్పని సంఘటన ఒకటుంది. తొంభై తొమ్మిదిలో చివరి సంవత్సరం ప్రయోగ పరీక్షకు ప్రధాన పరీక్షకురాలు మేడమ్‌గారు, సహాయకుడు ఈ వ్యాసకర్త. నలభై సంఖ్యల సగటు కనుక్కోవాలి. ఆ సంఖ్యలను ఫ్లాపీ నుండి అన్ని కంప్యూటర్లలోకి ఎక్కించారు, ఏడవదానిలో మాత్రం ఫ్లాపీ పనిచేయలేదు. ఈ వ్యాసకర్త గడియారం చూసుకుంటూ ఆ నలభై సంఖ్యలనూ చేత్తో టకటకా కొట్టేశాడు. ఏడవ కంప్యూటరు దగ్గర కూర్చున్న విద్యార్థినికి తప్పు జవాబు వచ్చింది.

"ప్రోగ్రాము సరిగ్గానే ఉంది మేడమ్. కాగితం మీద వేసి చూపిస్తాను."

"బయట ఇంకో బ్యాచ్ నిలబడి ఉందమ్మా. ఇప్పుడు టైమ్ లేదు."

ఆ అమ్మాయి తప్పింది. అంటే ఏడాది పోయినట్టే, పై చదువు సీటూ పోయినట్టే. మార్కులు విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాయి.

ఆ అమ్మాయి కాగితం మీద వేసి చూపిస్తానన్నా తాను వద్దనడం మేడమ్‌గారిని నిలవనీయలేదు. భోజనం దగ్గర కూడా గళ్ళే గీసుకుంటూ కూర్చునేదని వారి భర్తగారు ఈనాటికీ ఆటపట్టిస్తారు. ప్రోగ్రాములో తప్పు దొరకలేదు. మర్నాడు పొద్దున్నే ప్రయోగశాల తెరిపించి చూస్తే, ఏడవ కంప్యూటరులో ముప్పై ఒకటవ సంఖ్య తొంభై ఒకటికి బదులు పంతొమ్మిది అని ఉంది.

"నేనే కొట్టాను మేడమ్" అన్నాడు ఈ వ్యాసకర్త.

"మీ ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు కదా. ఇంట్లో ఆవిడకి నెలలు నిండుతున్నాయి. నోరు మూసుకుని ఊరుకోండి. ఆ పిల్లని ఆపింది నేను, తప్పు నాదేనని విశ్వవిద్యాలయానికి ఉత్తరం నేను రాస్తాను."

ఆ నెలలోనే విభాగాధిపతి పదవికి వారి పేరు వెళ్ళవలసి ఉంది. "ఈ ఉత్తరం పంపితే మీ ఫైలు ఇక కదలదమ్మా" అని ప్రిన్సిపాల్‌గారు హెచ్చరించారు. "ఆ అమ్మాయి ఏడాది పోకుండా ఉంటే చాలు సార్" అన్నారు మేడమ్‌గారు. మూడు వారాల్లో ఫలితం సవరించారు. విద్యార్థిని ఉత్తీర్ణురాలై పై చదువుకు వెళ్ళింది. ఫైలు మాత్రం ఐదేళ్ళు కదలలేదు. ‘కాగితం మేడమ్ కూడా లెక్క తప్పారట’ అని సిబ్బంది గదిలో చాలాకాలం నవ్వుకున్నారు. ఆ నవ్వుల్లో ఈ వ్యాసకర్త గొంతు కూడా ఉంది.

ఇక వ్యాసకర్త అన్న ముసుగు వద్దు, నేను అనే రాస్తాను. తరువాత మేడమ్‌గారి దగ్గరే చదువుకున్న మా అమ్మాయికి ఇంట్లో లెక్క తప్పినప్పుడల్లా "మీ మేడమ్ అంతటివారే ఒకసారి తప్పు చేశారు" అని ధైర్యం చెప్పాను. అది గుర్తొస్తే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. కళాశాల వీడ్కోలు సంచికకు రాసిన ఈ వ్యాసాన్ని మేడమ్‌గారికి చూపించాను. చదివి, కాగితాలు తిరిగి నా చేతికిచ్చారు.

"ఇదంతా ఇప్పుడెందుకు సార్? మీ అమ్మాయి కూడా ఇది చదువుతుంది. తీసేయండి."

"తీయను మేడమ్."

"ఇన్నేళ్ళూ బాగానే గడిచింది కదా."

"మీకు గడిచిందేమో. నాకు గడవలేదు."

మేడమ్‌గారు ఇకపై గంట కొట్టే వేళ చూసుకోనక్కరలేని తీరికతో, భర్తగారి హాస్యానికి దీటుగా బదులిచ్చే ఓపికతో, చూపు తగ్గని కళ్ళతో, అలుపెరుగని నడకతో, నిండు నూరేళ్ళూ ఆరోగ్యంగా ఉండాలని విభాగం తరఫున మనసారా కోరుకుంటున్నాను. ఆనాటి ఉత్తరం కింద ఉండవలసిన రెండవ సంతకాన్ని, ఇరవై ఐదేళ్ళు ఆలస్యంగా, ఈ వ్యాసం కింద చేస్తున్నాను.