మూడో స్విచ్చు

అగో, అప్పుడే సంచి భుజానికి ఏసుకుంటున్నవేంది? జర ఆగు బిడ్డా. రెండుపార్లు నొక్కితే లైటు వెలగకపోయేసరికి ఖరాబైందంటవా? అది ఖరాబు గాలే. నేను చెప్తున్న గదా, ఖరాబు గాలే!

కూసో. ఆ కుర్చీ కిటికీ కాడికి జరుపుకొని కూసో. మాస్కు తియ్యకు, నాకు భయం. పేరేమన్నవు, అమూల్యనా? మీ నాయిన బ్యాంకుల పనిచేస్తడని ఫోన్ల చెప్పినవు. ఫోటోలు కొత్తగ నేర్చుకుంటున్న ఆంటీ, లైటును కెమెరా మీద గాకుండ పక్కకు పెట్టి తీసుడు నేర్వాలె, మొదట ఏం కొనాలె అని అడిగినవు. అడిగినవు గాబట్టే రమ్మన్న. లేకుంటే ఈ సామాను సంచి నేను ఇప్పకపోదును.

గీ సామానంత మా ఆయనది. సోమలింగం ఫోటోలంటే మా సలాబత్‌పురా పేటల తెల్వని చీరల దుకాణం లేకుండె. మొన్న ఏప్రిల్ల పోయిండు. కరోనా. ఎనిమిది నెలలాయె.

అయ్యో అనకు బిడ్డా. అందరు అంటరు. ముందుగాల సామాను సంగతి విను.

ఆయన గూడ నీ లెక్కనే కొత్తగ కొన్నడు, నలభై ఎనిమిదో ఏట! అంతకుముందు లైటు కెమెరా నెత్తిమీదనే ఉంటుండె. పెండ్లిపిల్ల మొకం పిండి పూసినట్టు వస్తుండె. మొదటి లాక్‌డౌన్ల రింగ్ రోడ్ మార్కెట్లన్నీ బందైనయి గదా, రెండు నెలలు ఇదే తక్తుమీద కూసోని ఫోన్ల వీడియోలు చూసిండు. చూసిందే చూసుడు, రాసిందే రాసుడు. ఏది కొనాలె, ఏది వద్దు. నాకు చదివి వినిపిస్తుండె. వంట మాడిపోతుందయ్యా అంటే విన్నడా?

గందుకే నాకు తెల్సు. రెండు లైట్లు కొనకు. దుకాణపోడు రెండు గావాలె, మూడు గావాలె అంటడు, వినకు. ఒక్కటే కొను. వెలుగు ఎంత గావాలెనో నీ చేత్తోని తిప్పుకునేది కొను, తనంతట అదే లెక్కగట్టుకునేది వద్దు. దానితోని నీకు ఏం నేర్వొస్తది? వెలుగు మెత్తబడనీకె తెల్ల గొడుగు ఒకటి గొను. ఛార్జింగ్ బ్యాటరీలు మంచియి గొను, వాటికాడ మాత్రం పిసినారితనం జెయ్యకు.

ఇగ ఈ రెండు బుడ్డ డబ్బాలు. ఇది కెమెరా నెత్తిమీద, ఇది లైటు కింద. నడుమ తీగ లేదు. ఇక్కడ నొక్కితే అక్కడ మెరుస్తది. కొనేటప్పుడు, రెండిటిని కలిపే నంబరు తెరమీద కనపడేది కొనుక్కో బిడ్డా. గిసొంటి బుడ్డ బుడ్డ స్విచ్చులున్నది కొనకు. నువ్వుగింజలంత ఉంటయి, చూడు, నాలుగు. రెండు డబ్బాలల్ల ఒక్కతీరుగ ఉండాలె. ఒక్కటి అటిటు అయినా దీని మాట దానికి ఇనపడదు.

నవ్వుతున్నవా? నేను గూడ నవ్విన. మొగుడు పెండ్లాల లెక్కనేనా అని అడిగిన. ఆయన గూడ నవ్విండు.

ఎందుకు కొన్నడో తెల్సా? దూరముండనీకె. 'భాగీరథీ, ఇగ ఎవ్వరి దగ్గరికి పోయే పనే లేదు. లైటు స్టేజీ మీదుంటది, నేను దర్వాజ కాడుంట. పొడుగు లెన్సుతోని తీస్త. కరోనా నన్నెట్ల పడ్తది?' అన్నడు. గంత మురిసిపోయిండు.

స్టాండు గూడ కొందామన్నడు. నేను వద్దన్న. నేను లేనా, నాకు చేతులు లేవా అన్న.

ఆయనకు ఇష్టం లేకుండె. నువ్వు జనాల దగ్గర నిలబడుడేంది అని కోపం జేసిండు. నేను రెండు మాస్కులు కట్టుకొని బయల్దేరిన. నిజం చెప్పాల్నా బిడ్డా? ఇరవై రెండేండ్ల కాపురంల ఆయన పని నేను చూసింది గప్పుడే. ఆ చలికాలం తొమ్మిది పెండ్లిళ్లు చేసినం. ఆయన దర్వాజ కాడ నిలబడి వేలు లేపుతుండె, నేను లైటు లేపుతుంటి. వేలు పక్కకు తిప్పితే నేను తిప్పుతుంటి. అంతమందిల మా ఇద్దరికే తెల్సిన మాట అది. చెయ్యి గుంజుతుండె, అయినా దించకపోతుంటి. ఇంట్ల ఎన్నడన్న నా దిక్కు అంతసేపు చూసిండా?

ఏప్రిల్ల మళ్ల లేచింది గదా రోగం. పెండ్లికి యాభై మందే అన్నరు. హాల్ కాడ తలలు లెక్కవెట్టేటాయన ఇక్కడోళ్ల భాషల 'ఏక్ జ, బెన్' అన్నడు, ఒక్కరే అక్కా అని. ఫోటోలాయన ఒక్కడేనంట. నేను బయట స్కూటర్ మీద కూసున్న, మూడు గంటలు.

తెల్లారి స్టాండు తెచ్చిండు. ఇగో, ఇదే. మూడు కాళ్లు. ఇంట్ల నడిమిట్ల నిలబెట్టి, 'చూసినవా భాగీరథీ, దీనికి చెయ్యి గుంజది, అలగది, ఛాయ్ అడగది' అన్నడు. పరాచికానికే అన్నడు. నాకు తెల్వదా పరాచికమని? తెల్సు. అయినా గుచ్చుకున్నది. నవ్వితే పోయేది. నవ్వలే.

గడియారం చూస్తవేంది? అయిపోవచ్చింది బిడ్డా. ఇంకొద్దిగుంది.

రెండు దినాలకు, ఊరవతల కిమ్ అనే ఊర్ల పెండ్లి. మిల్లు మేనేజర్ బిడ్డది. పొద్దుగాల ఆయన స్నానానికి పోయిండు. నేను చపాతీలు కట్టి సంచిల పెడుతున్న. డబ్బా చేతికొచ్చింది. లైటు కింద పెట్టేది.

నా తలల పిన్ను తీసిన. మూడో స్విచ్చును కిందికి దించిన.

అంతే. ఒక్క చిటికె పని.

ఎందుకంటే ఏం చెప్పాలె? ఆ మూడుకాళ్లదానితోని ఆయన పని సాగొద్దు. గంతే నా మనసుల ఉండె. పని ఆగాలె, ఫోన్ చెయ్యాలె, నువ్వుంటే బాగుండునే అనాలె. ఆ ఒక్క మాట గావాలె నాకు.

చేసిండు. పదకొండింటికి ఫోన్ చేసిండు. 'లైటు వెలుగుతలేదే. బ్యాటరీలు మార్చిన, అయినా లేదు. మాస్కుతోని కండ్లద్దాల మీద ఆవిరి పడ్తున్నది, ఏం కనపడ్తలేదు. నువ్వుంటే చూస్తుంటివి' అన్నడు.

అన్నడు బిడ్డా. నేను కోరుకున్న మాటనే అన్నడు.

గప్పుడన్న చెప్పొచ్చు గదా? మూడోది పైకి లేపయ్యా అంటే అయిపోతుండె. నాకు సంబరమైంది. నీ స్టాండునే అడుగు అన్న. అని పెట్టేసిన. ఇంకోపారి చేస్తడు, బతిమాలుతడు, గప్పుడు చెప్త అనుకున్న. ఫోన్ చేతిల పట్టుకొని కూసున్న.

చెయ్యలే.

లైటు కెమెరా నెత్తిమీద పెట్టుకున్నడు. దగ్గరికి పోయిండు. కెమెరా మీదుంటే అది మెరుస్తది, గక్కడ దానికి డబ్బా అక్కర్లేదు గదా. ఫోటో అంటే అందరు మాస్కులు తీసేస్తరు. ఆ ఫోటోలు నేను తర్వాత చూసిన. చెయ్యి చాపితే అందేటంత దగ్గర. అందరు నోర్లు తెరిచి నవ్వుతున్నరు. దూరముండి తీసింది ఒక్కటి లేదు.

అయిదో దినం జరం. ఎనిమిదో దినం దవాఖాన. లోపలికి నన్ను రానియ్యలే. ఒక్కపారి నర్సమ్మ ఫోన్ కలిపింది. దమ్ము అందుతలేదు, అయినా ఏమన్నడో తెల్సా? 'ఆ డబ్బా ఖరాబైనట్టుంది. దుకాణంల ఇచ్చి మార్పియ్యి' అన్నడు. అట్లనే అన్న. ఇంటికొచ్చినంక చెప్త, తిడితే తిట్టనియ్యి అనుకున్న. వస్తడనే అనుకున్న.

ఎక్కడ అంటిందో ఎవ్వరికెరుక అంటది మా చెల్లె. కూరగాయల బండి కాడ అంటొచ్చు, లిఫ్టుల అంటొచ్చు అంటది. అంటొచ్చు. ఆమెకు స్విచ్చు సంగతి తెల్వది. ఎవ్వరికి తెల్వది. ఇయ్యాల నీకు చెప్పిన.

నాకు ఓదార్పు మాటలొద్దు. ఏడ్వకు, మాస్కు తడుస్తది.

ఇగో పిన్ను. అదే పిన్ను. మూడోదాన్ని పైకి లేపు. నాతోని గాదు, ఎన్నిపార్లు చేతికి తీసుకున్నా మళ్ల తలలనే పెట్టుకుంట. లేపినవా? ఆ డబ్బాను లైటు కింద బిగించి ఇటియ్యి. స్టాండు ఎందుకు? నేను పట్టుకుంట.

కెమెరా తీసుకొని దర్వాజ కాడికి పో. ఇంకా. ఇంకా దూరం పో బిడ్డా, గడప దాటి నిలబడు. ఆ, గక్కడ.

ఒక్కపారి వేలు లేపు. ఊరికెనే. లేపు.

ఇగ నొక్కు.

చూసినవా? చెప్పిన గదా, అది ఖరాబు గాలే. తీసుకపో.