వేపనూనె సీసా

శుక్రవారం సెలవు. సౌదీలోని జీజాన్ కొండల కింద క్యాంపు గదిలో దేవన్న కాళ్లు గోక్కుంటూ, జగిత్యాల దగ్గరి ఊళ్లో ఉన్న భార్య ముత్యవ్వతో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"నల్లులైతే మంచం ఎండల పెట్టరాదయ్యా?"

"నల్లులు గాదే ముత్యవ్వా, నల్ల ఈగలు. వాగు కాడ ఉంటయ్."

"ఈగలు ఎక్కడన్న కుడుతయా?"

"ఇవి కుడుతయ్. అండ్ల ఆడియే కుడుతయ్."

"నన్నంటున్నవా?"

"నేనెందుకంట! ఈగల సర్వే జేసే మా సారు జెప్పిండు. ఇప్పటికి పదకొండు రకాలు దొరికినయ్."

"ఈగలల్ల పదకొండు రకాలా!"

"పైకి అన్నీ ఒక్క తీరే. వాగు రాళ్లకున్న ఈగ గూడు తీసి అద్దం కింద పెడితే, అది ఊపిరి తీసే పోగులు కనవడ్తయ్. ఒకదానికి నాలుగు, ఒకదానికి ఆరు."

"ఆ దేవునికి ఒక్క రకం సాలకపాయెనా?"

"నేనూ గదే అడిగిన. సారు నవ్విండు."

"నవ్వుతడు, ఆయనకేం. ఆడ ఉండెటందుకు నీ అకామా రిన్యువల్ అయిందా?"

"అయితది. నల్లా నీళ్లు వస్తున్నయా ఇంటికి?"

"నల్లులాయె, నల్ల ఈగలాయె, ఇగ నల్లానా? మాట మార్చకు. ఐదేండ్ల సంది ఫోన్లనే సంసారం."

"అయితదంటున్న గదనే."

"సౌదోళ్లకే కొలువులని నితాఖత్ అని, బయటి మనిషికింత లెవీ అని, మీ తొమ్మిది మందిల ఎనిమిది మందికి ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిరి. నిన్నొక్కన్నే ఎందుకు ఉంచుకున్నరు?"

"పని మంచిగ జేస్త."

"ఇంట్ల తాగిన చెంబు తియ్యనోడివి!"

"ఇంట్ల వేరే, ఈడ వేరే."

"సరే, మన ఊరి భూమేష్‌తోని పంపిన వేపనూనె రాస్తున్నవా?"

"రాస్త."

"రాస్తవా, రాస్తున్నవా?"

"సీస ఉన్నది."

"మూతన్న తీసినవా? నీ దురద పోవాలని ఎల్లమ్మకు మొక్కిన నేను!"

"గా మొక్కు వాపస్ తీస్కోవే."

"తప్పు తప్పు! గవేం మాటలయ్యా?"

"నా పనే గది. పొద్దున, మాపున ప్యాంటు మోకాళ్ల దాక మలిచి వాగు గడ్డన కూసుంట. ఈగ కాలు మీద వాలంగనే గాజు గొట్టంల పట్టుకుంట. తొమ్మిది మందిల నా కాళ్లకే ఎక్కువ వచ్చినయ్. గందుకే నన్ను ఉంచుకున్నరు."

"అయ్యో... మరి నూనె రాస్తే?"

"ఈగలు రావు."

"ఈగలు రాకుంటే?"

"నేనొస్త, ఇంటికి."

"సీస దగ్గర్నే ఉన్నదా?"

"చేతికందుతది. ఎందుకే?"

"రెండు కాళ్లకూ రాసుకో."