గుంజల వెనక మనిషి

1910 జనవరి. మాంత్రో పైన కొండ ఊళ్ళో, యూరప్ జట్ల ఐస్ హాకీ పోటీల్లో ఆఖరి ఆట ఇప్పుడే ముగిసింది. స్విట్జర్లాండు, బెల్జియం సమానంగా నిలిచాయి. లెక్కలో తేడా రానివాడని నమ్మి ఊరంతా కలిసి ఆట బిళ్ళ లోపలికి వెళ్తే ఎత్తమని జెండా ఇచ్చి గోలు గుంజల వెనక నిలబెట్టిన ఒక్తావ్, తన స్కేట్ల కొట్లోకి వచ్చి చేతులు కాచుకుంటున్నాడు. పక్క టీ కొట్టు ఎలీజ్ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"తలుపు వెయ్యండి ఎలీజ్ గారూ, వెచ్చదనమంతా పోతోంది. కట్టెలు ఊరికే రావు."

"వేస్తాను గానీ, ముందిది చెప్పండి. బిళ్ళ లోపలికి వెళ్ళిందా, లేదా?"

"నేను జెండా ఎత్తానా?"

"ఎత్తలేదు."

"మరింకేం? ఎత్తకపోతే వెళ్ళనట్టే. గుంజల వెనక మనిషి మాటే ఆఖరు. నియమం అది."

"నియమం నాకూ తెలుసు. నేనడిగింది బిళ్ళ సంగతి."

"మంచు పొడి లేచిందండీ. వలా లేదు, పాడూ లేదు. రెండు గుంజలు పాతి చూసుకోమంటే ఏం చూస్తాం? పైగా ఎండ కళ్ళల్లో..."

"ఎండ మీ వీపు మీద ఉంది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను."

"మీరు చూసింది ఆటనా, నన్నా?"

"మాట తప్పించకండి. బయట ఏమంటున్నారో విన్నారా? రొట్టెల ఫెర్నాన్ అయితే మీరు పుట్టుగుడ్డి అని తేల్చేశాడు."

"తేల్చనీ. రేప్పొద్దున సాన పట్టించుకోడానికి నా దగ్గరికే వస్తాడు. నా మీద కోపమొచ్చిందని మొద్దు స్కేట్లతో ఆడతాడా?"

"మనవాళ్ళు గెలవాల్సిన ఆటండీ. మన మంచు మీద మన మనిషే ఆపేశాడంటున్నారు."

"ఆపడమేంటి? సమానమైతే మర్నాడు మళ్ళీ ఆడతారు, అంతేగా. అందరికీ లాభమే. హోటల్లో గదులు ఇంకో రాత్రి నిండుతాయి. మీ సూపు అమ్ముడుపోతుంది. ఇంకో నాలుగు కర్రలు విరుగుతాయి, నా దగ్గర కొత్తవి కొంటారు. నష్టం ఎవరికి చెప్పండి?"

"గెలిచి కూడా గెలవనట్టైన వాళ్ళకి."

"వాళ్ళు రేపు గెలుస్తారు."

"బెల్జియం వాళ్ళు ఈ సాయంత్రం బండికి కొండ దిగాల్సిన వాళ్ళు. వాళ్ళతో పాటు నేనూ."

"అవును కదూ. మర్చేపోయాను."

"మీరా? మర్చిపోవడమా? నా దగ్గర తీసుకున్న చిటికెడు ఉప్పు పొట్లం కట్టి మరీ తిరిగిచ్చిన మనిషి మర్చిపోయాడంటే నమ్మాలా?"

"అయినా ఆ బెల్జియం కెప్టెన్ తల్లికి వండిపెట్టడానికి ఇక్కణ్ణించి మనిషెందుకు? బ్రస్సెల్స్‌లో వంటొచ్చిన ఆడవాళ్ళే లేరా?"

"నా ఉల్లికాడల కూర తిని అడిగాడు. మా ఇంట్లో అందరం ఒకే బల్ల దగ్గర తింటాం, మీరూ మాతోనే కూచుంటారు అన్నాడు. ఒక్కదాన్నీ తిని తిని విసుగొచ్చింది ఒక్తావ్ గారూ."

"ఒక్కరే ఏంటి? నేను రోజూ మీ కొట్లోనే తింటున్నానుగా."

"మూల బల్ల దగ్గర, గోడ వైపు తిరిగి."

"అటైతే చలిగాలి తగలదని."

"ఊఁ."

"ఇదిగో, నా లెక్క ఒకటి వినండి. మీదో కొట్టు, నాదో కొట్టు. మధ్య గోడ ఒకటే. రెండు పొయ్యిలు మండిస్తున్నాం, రెండు దీపాలు పెడుతున్నాం. గోడకి తలుపు పెట్టించామనుకోండి, ఒక పొయ్యి చాలు. స్కేట్లు విప్పేవాడు మీ వేడి వైను తాగుతాడు. వైను తాగేవాడు నా చేతి తొడుగులు చూస్తాడు."

"కట్టెలు కలిసొస్తాయని తలుపా?"

"దీపం నూనె కూడా."

"ఇంకా?"

"ఇంకా అంటే... మంచు కరిగిందంటే ఊళ్ళో మనిషి ఉండడు. వాన చప్పుడు తప్ప ఇంకోటి వినపడదు. నా ఇంట్లో కుర్చీలు రెండున్నాయి. రెండోది అలాగే పడుంది. వాడని సరుకు ఎప్పుడూ నష్టమే కదా."

"కుర్చీ సంగతి చెబుతున్నారా, మీ సంగతా?"

"అన్నీ నించున్నపళంగానేనా? రేపు ఆట ఉంది, పొద్దంతా ఉంది. తీరిగ్గా కూచుని చెబుతాను. సరిగ్గా చెబుతాను."

"అంటే బిళ్ళ వెళ్ళింది."

"ఉండండి, పొయ్యిలో ఇంకో కట్టె వేస్తాను."

"ఒక్తావ్ గారూ."

"నా బూటుకొచ్చి తగిలి ఆగింది."

"ఇంత పని ఒక్క రోజు కోసమా?"

"మీకు ఒక్క రోజే. మాట కూడగట్టుకునేవాడికి అది తక్కువేం కాదు."

"పొద్దున సూపు మీ ముందు పెట్టి ఎంతసేపు నిలబడ్డాను?"

"చూశాను. ఉప్పు సరిపోయిందా అని అడగడానికనుకున్నాను."

"అనుకుంటారు, అనుకుంటారు. ఇప్పుడు నేను చెప్పేది వినండి. బిళ్ళ వెళ్ళిందని తెలిసే వచ్చాను. జెండా ఎందుకెత్తలేదో మీ నోట విందామని వచ్చాను."

"తెలిసే అంటే? ఎవరు చెప్పారు?"

"బెల్జియం కెప్టెన్. ఇందాకే మనవాళ్ళ గదికెళ్ళి, టోపీ తీసి, బిళ్ళ లోపలికెళ్ళడం మేం చూశాం, ఆట మీదే అని అందరితో చెయ్యి కలిపి వచ్చాడు. మనవాళ్ళు వాణ్ణి భుజాలకెత్తుకున్నారు. రేపు ఆట లేదు. మేం ఈ బండికే వెళ్తున్నాం."

"ఈ బండికేనా?"

"ఈ బండికే. ఏదో రేపు చెబుతానన్నారు. ఇప్పుడు చెప్పండి."

"అదే... మీ పెట్టె బరువుగా ఉంటుంది. స్టేషను దాకా నేను మోసుకొస్తాను."