పెన్సిల్ చుక్క ఆగిన చోటు

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఈ రోజు ఉద్యోగ విరమణ చేస్తున్న మా కథల మేడమ్‌కు, వెనక వరసల్లో సర్దుకు కూర్చున్న స్నేహితులకు నమస్కారం. నాకు మైకంటే భయం. కాగితం చూసి చదువుతాను, మన్నించండి.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ వారపత్రికకు వచ్చిన ప్రతి కథనూ మొదట చదివింది మేడమే. నావి తొమ్మిది చదివారు. తొమ్మిదీ తిప్పి పంపారు. (నవ్వులు) మరి నన్నెందుకు మాట్లాడమన్నారని అడిగితే, "అచ్చయినవాళ్ళు ఎలాగూ పొగుడుతారమ్మా. తిరిగొచ్చినవాళ్ళలో ఒక్కరైనా మాట్లాడొద్దూ?" అన్నారు.

తిరిగొచ్చిన ప్రతి కథలోనూ ఎక్కడో ఒకచోట, మార్జిన్‌లో, చిన్న పెన్సిల్ చుక్క ఉండేది. నేను కాన్వెంటులో, సిస్టర్ల బళ్ళో చదువుకున్నదాన్ని. కాగితం మీద మరక కనబడితే నా చెయ్యి ఊరుకోదు. రబ్బరుతో శ్రద్ధగా చెరిపేసి, అదే ప్రతిని ఇంకో పత్రికకు పంపేదాన్ని. అక్కణ్ణుంచీ తిరిగొచ్చేది, అది వేరే సంగతి. ఎనిమిది కథలు అలా శుభ్రం చేశాను. తొమ్మిదోదీ వెనక్కి వచ్చిందని తెలిశాక ఇక రాయకూడదనుకుని, మిగిలిన తెల్లకాగితాలు అక్కకు కుట్టుపని కొలతలు రాసుకోమని ఇచ్చేశాను.

ఆ తొమ్మిదోదాన్ని తీసుకోవడానికి ఆఫీసుకే వచ్చి, బెంచీ మీద కూర్చుని చుక్క చెరుపుతుంటే, అచ్చుకు పేజీలు కట్టే బాబాయి (అదిగో, తలుపు దగ్గర నిలబడ్డారు) చూసి, "ఏంటి తల్లీ ఆ పని? మేడమ్ చదవడం ఆపిన చోటది!" అన్నారు.

ఇంటికెళ్ళి పాత ప్రతులన్నీ కిటికీకి ఎదురుగా పట్టుకుని, పెన్సిల్ మొన నొక్కుకున్న జాడలు వెతికాను. మొదటి కథలో మూడో వాక్యం. నాలుగోదాంట్లో రెండో పేజీ. తొమ్మిదోదాంట్లో పదకొండో పేజీ. ఆ కథే పన్నెండు పేజీలు. నన్ను కాదంటున్నారనుకున్న మనిషి ప్రతిసారీ నాతో ఇంకొంచెం దూరం నడిచారు.

మర్నాడు వచ్చి అడిగాను. "పదకొండో పేజీలో ఏమైంది మేడమ్?"

"ఆ తల్లి కూతురి మీద చెయ్యెత్తింది. మరి కొట్టదేం?"

"ఆవిడ మంచిది మేడమ్."

"ఆవిడ మంచిదని కాదు, నువ్వు భయపడ్డావు. ఎవరు చదువుతారని?"

 ఆ సాయంత్రమే అక్క దగ్గర కాగితాలు లాక్కున్నాను. మూడింటి మీద అప్పటికే ఎవరివో భుజాల కొలతలున్నాయి. (నవ్వులు)

ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెబుతాను మేడమ్. మూడో వరసలో కూర్చున్న మా అమ్మ చదువుతుందని. అమ్మా, ఆ కథలో తల్లివి నువ్వు కాదు. (నవ్వులు) సరే, కొంచెం నువ్వే.

కథ వెనక్కి వస్తే ఇప్పటికీ ఏడుపొస్తుంది. రేపు మీ కుర్చీలో కూర్చునేవాళ్ళు ఎక్కడ ఆపారో చెబుతారో లేదో తెలియదు. నిజంగా దిగులుగా ఉంది. అయినా ఆ చివరి పేజీలు మళ్ళీ రాశాను. ఈసారి ఆ తల్లి ఆగలేదు. నన్ను అంతవరకు తీసుకొచ్చినందుకు మీకు రుణపడి ఉంటాను. ఓపికగా విన్న మీ అందరికీ ధన్యవాదాలు.

అమ్మా, కథ సోమవారం పంపుతాను. ముందు నీకు చదివి వినిపించాలి. ఇంటికెళ్ళాక కొంచెంసేపు నా దగ్గర కూర్చో.

సెలవు.