సుక్కబర్రె ముట్టని గడ్డి

గిదేంది సారూ, గిట్లా రాస్తరా కాగితం మీద? నమ్మినోళ్ల గతి ఏం గావాలె?

గుర్తుపట్టలేదా నన్ను? పోయిన ఐతారం ఈ నుమాయిష్‌ల, ఈ మీ సర్కారు ఎవుసపోళ్ల దుకాణం ముందటనే నిలబడ్డ. ‘అవ్వా, పనికిరాని వరిగడ్డిని సున్నపు నీళ్లల్ల నానబెడితే మెత్తబడుతది, బర్రెకు ఒంటబడుతది’ అని నువ్వే చెప్పి, ఈ కాగితం చేతిల పెట్టినవు. ఇంట్ల ఎవలతోనన్న చదివించుకో అన్నవు. నేనే చదువుకుంట అన్న. నవ్వినవు గూడ. నవ్వలేదా? సరే, నవ్వలే.

జర కూసుంట బిడ్డా. నాంపల్లి టేషను ఎనుక గల్లీ నుంచి నడిచొచ్చిన.

మా సుక్కబర్రె రెండు దినాలాయె, ఆ గడ్డి ముడితే ఒట్టు. మూతి పెట్టి వాసన చూస్తది, బుస్సుమంటది, తల తిప్పుకుంటది. మా కొడుకు బాలమల్లుకు కోపమొచ్చింది. ‘ముసలితనంల పలక పట్టినవు, ఇగ బర్రెను గూడ పస్తులుంచితివి. అమ్మేస్త’ అన్నడు. బేరగాడు ఇయ్యాల పగటికే వస్తున్నడు సారూ! ఏడికి తోల్కపోతవు అంటే చెప్పడు. దూడప్పటి సంది నా చేతిల ముద్ద తిన్నది.

దేశాల నడుమ లడాయి మొదలైన కాన్నుంచి ఉస్మాన్‌గంజ్‌ల గానుగపిండి దొరుకుతలేదు. దొరికేది గీ గడ్డే. వానకు తడిసి నల్లబడ్డది, చీపురు పుల్లల తీరుగున్నది. అది తిని పాలేడికెల్లి ఇస్తది? ఆబిడ్స్‌ల చాయ్ హోటలుకు మూడు శేర్లు పోసేదాన్ని, శేరుకొచ్చింది. అందుకే గద నీ కాగితం పట్టుకున్న!

చెప్పినట్టే చేసిన. కత్తిపీట ముందటేసుకొని మోపెడు గడ్డి బెత్తెడు బెత్తెడు కోసిన. వేళ్లు చూడు. గాబుల ముంచి, ఒక దినమంత నానబెట్టి, వడబోసి, ఆరబెట్టిన. ఎంత పచ్చగయ్యింది బిడ్డా! పిడికిట్ల పడితే మెత్తగ మడుసుకున్నది. గోడకు పూసే సున్నం గడ్డిని గిట్లా మారుస్తదా అని అట్లనే చూస్త నిలబడ్డ.

ఏంది? సున్నం ఏడిదా? ఏడిదైతేంది, సున్నం సున్నమే గద!

మల్ల గదే అడుగుతవు. పక్కింటి సదాశివది. బిడ్డ పెండ్లికని గోడలకు సున్నం వేయించిండు, సగం గాబు మిగిలింది. పారబోస్తుంటే నేనే అడిగి తెచ్చుకున్న.

సరేసా? ఔ, కలిపిన్రు. ఆ బంక కలపకుంటే గోడకు పట్టదు గద, ఆనుకున్నోళ్ల బట్టలకు అంటుతది. తోళ్లు, ఎముకలు ఉడకబెట్టి...

అయ్యో.

అయ్యో, నా సుక్క. మనకు గోడ వాసన, దానికి పీనుగు వాసన. నోరెట్ల పెడతది?

కాగితంల రాసే ఉన్నదా? ఏడ? ఐదో వరుసనా?

సారూ, ఎవలకు చెప్పకు. నేను మూడు వరుసలే చదివిన.

మా మనవరాలు వసుమతి అక్షరాలు నేర్పి ఏడాదన్న కాలే. ఒత్తులు జమైన కాడ నా కండ్లకు నీళ్లొస్తయి. ఆ పొద్దు ఇంటోళ్లంత చుట్టు కూసున్నరు. మూడు వరుసలు చదివేవరకే ‘అబ్బ, అవ్వ చదివింది’ అన్నరు. ఆ మాట తియ్యగున్నది బిడ్డా. కాగితం మడిచి, మిగిలింది నోటికొచ్చినట్టు చెప్పిన, చదివినట్టే. బర్రె ముట్టకపోతే కాగితమే తప్పు అన్న. ఇందాకటిదాంక గదే అన్న.

వద్దు, నువ్వు చదవకు. ఇటియ్యి. నేనే.

‘కొ...త్త... సు...న్న...మే... వా...డ...వ...లె...ను. ఏ...మి...యు... క...లు...ప...రా...దు.’

గంతేనా? నేను చదువుడు మొదలువెట్టినప్పుడు కదిలిన ఆ జట్కా ఇంక నుమాయిష్ గేటన్న దాటలే.

ఆ పొద్దు గంతసేపు కూసోలేకపోయిన.

కొత్త సున్నంల మల్ల నానాలంటే ఇంకో దినం కావాలె. బేరగాన్ని ఆగుమనాలంటే ఎందుకో కొడుక్కు చెప్పాలె. చెప్తే ఇగ నేను పలక ముట్టినప్పుడల్ల నవ్వుతరు.

నవ్వనీ. కాగితం ఇయ్యి, పోత. రెండు దినాల సంది ఆ మూగదాన్ని తిట్టిన, నిన్ను తిట్టిన. ఇగ తిట్టనీకె నేనే మిగిలిన.